రెండు గోడల నడుమ

మంచి ముచ్చటైతే ఫోన్లనే చెప్పేది గద. పొద్దుగాల మిల్లు సేటు బిడ్డ ప్రియాంక ఫోన్ పెట్టేసినకాడి నుంచి ఈ ఒక్క మాటే నా తలకాయల కవ్వం తిరిగినట్టు తిరుగుతున్నది. "అమ్మా, చిన్నోని రిపోర్టు వచ్చింది. నేనే వస్తున్న. మిర్యాలగూడల బస్సెక్కుత, మీరు కోదాడ బస్టాండ్ల కూసోండ్రి, ప్రేమన్నను తప్పకుండ తోల్కరాండ్రి" అన్నది. ఏమొచ్చిందో చెప్పలే. నేను అడగలే. నా బిడ్డ విజయ పక్కనే నిలబడ్డది, ఏడాది నిండిన పిల్లగాన్ని సంకకెత్తుకొని, నా మొకమే చూస్తున్నది. కోదాడకు రమ్మంటున్నది బిడ్డా అని చెప్పిన. విజయ పిల్లగాని నెత్తి మీద చెయ్యి పెట్టుకొని లోపలికి పోయింది. జరసేపటికి మళ్ల వచ్చి, "నేను రానవ్వా. బస్టాండ్ల నలుగురి నడుమ వినే ధైర్నం నాకు లేదు. నువ్వు పోయిరా. ఏదైనా సరే, నువ్వే చెప్పు" అన్నది. ఇంతమందికి ఇన్ని నోర్లుంటే నా నోరే కావాలె దానికి. అవ్వను గద మరి. నడిగూడెం నుంచి ఆటోల వచ్చేటప్పుడు రెండు దిక్కుల కోతకొచ్చిన వరి పచ్చగ, బంగారం లెక్క వంగి ఉన్నది, నా కంటికి ఒక్క కంకి ఆనలే. మంచి ముచ్చటైతే ఫోన్లనే చెప్పేది. చెడ్డ ముచ్చట గనుకనే, దగ్గర కూసోని, చెయ్యి పట్టుకొని చెప్పాలనుకున్నదేమో. ఆమె అసొంటిదే.

కార్తీకమాసం ఎండైనా సిమెంటు మీద పడితే సుర్రుమంటనే ఉన్నది. హైదరాబాదు బస్సు, విజయవాడ బస్సు, ఖమ్మం బస్సు, ఒకటి పోతే ఒకటి వచ్చి మొకాన దుమ్ము కొట్టి పోతున్నయి. నాకు కావల్సింది హుజూర్‌నగర్ మీదికెల్లి వచ్చేది. మైకుల ఆమె చెప్పేది నాకు సగం అర్థమైతది, సగం కాదు. నా పక్కన నా కొడుకు ప్రేమ్‌కుమార్ కూసున్నడు. వానికి మైకు లేదు, హారన్ లేదు. చెప్పులు విడిచి వట్టి కాళ్లు నేలకు ఆనిచ్చిండు. బస్సు లోపలికి తిరుగుతుంటే నేల అదురుడు వాని అరికాళ్లకు తెలుస్తది, నాకంటె ముందే తలకాయ తిప్పి చూస్తడు. ఇప్పుడు చూసినా బోర్డు కనబడదు వానికి, ఎండల కండ్లు గుంజుతయి, నీడల మసకమసక. కుడిచెయ్యి ఒడిల పెట్టుకున్నడు. మణికట్టు కాడ లోపలికి వంగి, వేళ్లు ఒకదాని మీద ఒకటెక్కి, ఎవరో బట్ట పిండి వదిలిపెట్టినట్టు ఉంటది ఆ చెయ్యి. ఈ నడుమ మెడ గూడ ఒక దిక్కు గుంజుతున్నది. అయినా కూసున్నడు సూడు, నిమ్మళంగ, పెండ్లికి వచ్చినోని లెక్క, తల దువ్వుకొని, ఉతికిన అంగి తొడుక్కొని. ప్రియాంక వస్తుందంటే ఆ అంగినే తొడుగుతడు.

చాయ తాగుదామని బండి కాడికి పోతే, చాయ పోసే ఆమె గలాసు ఇచ్చుకుంట వాని దిక్కు చూసింది. ఈడ కోదాడల మాటకు ఆంధ్ర వాసన ఉంటది. "అబ్బాయికి ఏమైందండి? పక్షవాతమా?" అన్నది. పాత మణెమ్మనైతే కొంగు సర్దుకొని, ఆఁ, ఏదో అట్ల, అని గొణిగి తప్పుకుందును. "కాదమ్మా, పుట్టుకతోని వచ్చింది. దానికో పేరున్నది, నాకే నోరు తిరగదు" అని చెప్పిన. "పేరుందంటే మందు కూడా ఉంటది కదండి" అన్నది. మందు లేదమ్మా అన్న. ఆమె చాయ వడగడుతున్న చెయ్యి ఆపి, పాపం మనసుల ఏం పెట్టుకోకుండనే అడిగింది, "మందు లేనప్పుడు పేరెందుకమ్మా?" అని. గలాసు తీస్కొని వచ్చి ప్రేమ్‌ ఎడమచేతుల పెట్టిన. ఒక్క గలాసు చాయ తాగే అంతల అయ్యే జవాబు గాదు అది.

మూడేండ్ల దాక వీనికి వినబడేది. అది ఎవరు నమ్మకున్నా నాకెరుక. అవ్వా అనేటోడు, నాయినా అనేటోడు, గొర్రెపిల్లను చూసి మే అనేటోడు. వాళ్ల నాయిన నాగయ్య మందను తోలుకొని మాపటీలి వస్తుంటే వాడకట్టు మలుపు కాడనే గంటల సప్పుడు విని ఉరికేటోడు, ఆ ఉరుకుడుకు మొలతాడు గజ్జె ఒకటే మోత. ఒకనాడు ఉరకలే. అరుగు మీద కూసోని రాళ్లతోటి ఆడుకుంటున్నడు, మంద అంత వాకిట్లకు వచ్చింది, గొర్రె మూతి భుజానికి తగిలినాక తలకాయెత్తి చూసిండు. చూసి నవ్విండు. నేను గూడ నవ్విన. ఆటల మునిగి వినలేదనుకున్న. ఆనక ఒక్కటొక్కటే మాటలు రాలుకుంట పోయినయి. ముందు ఇంటి ఆవలి పేర్లు పోయినయి, పిల్లి, కుక్క, బస్సు. తర్వాత తినేటియి పోయినయి. ఆఖరుకు అవ్వ ఒక్కటి మిగిలింది, అది గూడ అరిగరిగి అవ్ అయ్యింది. సూర్యాపేటల డాక్టరు చెవులల్ల లైటు కొట్టి చూసి, అంత మంచిగనే ఉన్నది, కొందరు పిల్లలు ఆలస్యంగ మాట్లాడతరు అన్నడు. ఆలస్యం గాదు సారూ, మాట్లాడేటోడు ఆపిండు అని నేనంటనే ఉన్న, ఆయన ఇంకొకర్ని లోపలికి పిలిచిండు. ఆయన తప్పు గాదు అని ఇప్పుడు అనిపిస్తది. చెవులు నిజంగ మంచిగనే ఉన్నయి. పోయింది చెవి ఎనుక నరం. ఆ లైటుకు అది ఆనది.

డాక్టరు మంచిగనే ఉన్నది అన్నడు, ఇగ మా అత్తకు జాగ దొరికింది. గ్రహణం పూట కూర తరిగినవ్ అన్నది. పసిపోరన్ని గొర్లకాడికి ఎత్తుకపోయి గాలి సోకిచ్చినవ్ అన్నది. నాకు ఏది యాదికి రాకపోయేది, గ్రహణం ఎప్పుడు పట్టిందో, నేను ఏం తరిగిన్నో. అయినా రాత్రిళ్లు యాదిచేసుకునేదాన్ని, వంకాయనా, బీరకాయనా అని, ఎవరో అడిగితే చెప్పాలె అన్నట్టు. అన్నిటికంటె గట్టి మాట ఆఖరుకు అన్నది. "నీ తమ్ముడే సాచ్చెం. మీ ఇంట్లనే ఉన్నది దోషం. నీ కడుపుల ఉన్నది. నా కొడుక్కు ఇంకో పెండ్లి చేస్త" అన్నది. నాగయ్య అన్నం ముందు కూసోని ఉన్నడు. ఆయన నోరు పెద్దది గాదు, మందను అదిలిస్తె గూడ పక్క చేను మనిషికి వినబడదు. కంచం పక్కకు జరిపి, "వాడు నా కొడుకు. ఇది వాని తల్లి. ఇగ ఈ ముచ్చట వద్దు" అన్నడు. పోరన్ని భుజాల మీద కూసోబెట్టుకొని మందకాడికి పోయిండు. ఆనాడే గాదు, తెల్లారి గూడ, ఆ తెల్లారి గూడ. కూతేసి గొర్లను పిలిచేది అందరు చేస్తరు. ముందల నడిచి, వీపుతోటి పిలిచేది వీనికి నేర్పిండు. గొర్రె మెడ మీద చెయ్యి పెట్టిచ్చి, అది అరిస్తె గొంతుల ఎట్ల వణుకుతదో చూపిచ్చిండు. తండ్రికొడుకులు చేతులతోటే ఒక భాష కట్టుకున్నరు. జడ అల్లినట్టు చూపిస్తె విజయ. ముక్కుపుల్ల తాకితే నేను. గొంగడి కప్పుకున్నట్టు చూపిస్తె నాయిన. నాగయ్య పోయి ఇన్నేండ్లాయె, వీడు ఇప్పటికి గొంగడి కప్పుకొని చూపిస్తె నా పానం ఒక్కసారి నిలబడి మళ్ల నడుస్తది. ఎంత మంచిగ చూస్కున్నవయ్యా మమ్ముల. ఒక్క మాట అననియ్యలే. ఆ ఒక్క అన్నం పూట నువ్వు నోరు మూసుకొని ఉంటే నేను ఏమైపోదునో.

కానీ అత్త మాట కడుపుల ఉండిపోయింది. ఎందుకంటె తమ్ముడు ఉన్నడు గద. అంజయ్య. వాడు గూడ పసితనంల మాట్లాడి మాట్లాడి ఆగినోడే. మీసాలు వచ్చేనాటికి మెడ వంకరపోయింది, నడిస్తె కాలు లోపలికి తిరిగేది, తినబోతే చెయ్యి నోటికి పోకుండ చెంపకు పోయేది. గాలి సోకిందన్నరు. మా నాయిన ఒక మంత్రగాని కాడికి తీస్కపోతే వేపమండలతోటి కొట్టిండు, దిగు దిగు అని. ఏముంటే దిగుతది. వానికి వినబడదు, ఎందుకు కొడుతున్నరో తెల్వదు, జనం నడుమల నన్ను వెతుక్కున్నడు. నేను ముందుకు పోబోతే మా అవ్వ కొంగు పట్టి గుంజింది. ఆ ఏడాదికే చూపు గూడ సన్నగిల్లింది, వానకాలంల మంచంలనే పోయిండు. అది దయ్యం గాదు అని, పెయ్యిల ఒక చిన్న పని కాక వాడు అట్ల అయ్యిండని, వానికి చెప్పే మనిషి లేకపాయె. ఇప్పుడున్నది. ఒక్కోపారి ప్రియాంక చెప్పిందంత మనుసుల వానికే చెప్పుకుంట, తమ్మీ, నీకేం సోకలేదురా అని.

బస్సొకటి తిరిగింది. ప్రేమ్ తల తిప్పిండు. సూర్యాపేట బస్సు. వాడు నా మోచెయ్యి తట్టి, జడ అల్లి, పక్కకు చిన్నగ చెయ్యి పెట్టి చూపిచ్చిండు. విజయ, ఆమె చిన్నోడు. ఏమైంది అని కనుబొమ్మలెత్తిండు. తెల్వదు అన్న చేతులతోటి. వాడు నా మొకం దగ్గరికి మొకం తెచ్చి చూసిండు, చూపు ఆనాలంటె గంత దగ్గరికి రావాలె ఇప్పుడు. చూసి, నా మోకాలు మీద ఎడమచెయ్యి వేసి ఊకున్నడు. ఆ చెయ్యి ఎంత వెచ్చగున్నదో. ఆ చేతులకు అక్షరాలు పెట్టింది ప్రశాంతి టీచర్. వీని చిన్నప్పుడు మా ఊరి బడికి కొత్తగ వచ్చింది, చిన్న మనిషి, గట్టి గొంతు. చెవిటోనికి బడి ఎందుకమ్మా అని నేనే అన్న. "వినబడకపోతే ఏమాయె, అరచెయ్యి ఉన్నది గద" అన్నది. వాన్ని పక్కన కూసోబెట్టుకొని అరచేతుల వేలుతోటి రాసేది, అ రాసి అద్దం చేతికిచ్చేది, ఆ రాసి ఆకు ఇచ్చేది. బదిలీ మీద పోయేనాటికి వీడు పేపరు చదువుతుండె. చూపు మసకైనాక ఇప్పుడు అందరం వాని అరచేతులనే రాస్తం, అంటే రాయొచ్చినోళ్లు రాస్తరు, నాకు రాదు. ఆమె ఎక్కడున్నదో. ఆమె కడుపు సల్లగుండ. చూపు పోతదని ఆమెకు ఎరుకనా, ఏమన్ననా. చీకట్లకు గూడ పనికొచ్చే చదువు పెట్టి పోయింది.

నాగయ్య పోయినాక మందను నిలుపుకోలేకపోతిమి. వీడు మిర్యాలగూడల నాగేశ్వర్ రావు సేటు రైసుమిల్లుల బస్తాలు కుట్టే పనికి కుదిరిండు. మిల్లు నడిస్తె అందరు చెవులు మూసుకుంటరు, ఒకరి చెవుల ఒకరు ఒర్రుకుంటరు, వీడొక్కడే హాయిగ దబ్బణం తీసి దారం గుంజి టకటక కుట్టుకుంట పోయేటోడట. నవ్వుకుంట చెప్పిండు సేటే. ఆనక దబ్బణం జారుడు మొదలైంది. చెయ్యి వంకర పోబట్టింది. సేటు పని మాన్పియ్యలే, కూసోని బస్తాలు చూసుకో అని జాగ మార్చిండు. అప్పుడే ఆయన బిడ్డ ప్రియాంక సెలవులకు వచ్చింది. హైదరాబాదుల ఏదో పెద్ద చదువు చదువుతున్నది. వీడు ఎడమచేతితోటి పక్కోని అరచేతుల రాసుడు చూసింది, కుడిచెయ్యి చూసింది, సందెచీకట్ల మెట్టు కోసం కాలుతోటి తడుముకునుడు చూసింది. తెల్లారి మా ఇంటికి వచ్చింది. నేను పరేషాన్ అయిన, సేటు బిడ్డ మా ఇంట్లకు, గడంచ మీద కూసున్నది, మంచినీళ్లు తాగింది. "అమ్మా, మీ దిక్కు ఇంకెవరికన్న ఇట్ల ఉండెనా, మగోళ్లకు?" అన్నది. ఇంకెవరికన్న అని అందరు అడుగుతరు, మగోళ్లకు అని ఎవరు అడగలే. అంజయ్య ముచ్చట చెప్పిన. చెప్పుకుంట పోతుంటే ఆమె మొకం మారింది. "నేను చదివేదే ఇది అమ్మా. పుస్తకాలల్ల చదివిన గని, మనిషిని చూసుడు ఇదే" అని మెల్లగ అన్నది.

హైదరాబాదుల పెద్ద డాక్టర్లకు చూపిచ్చింది, వీని నెత్తురు తీపిచ్చింది. ఫలితం వచ్చినాక ఇంటికొచ్చి మా ముగ్గుర్ని, నన్ను, వీన్ని, విజయను కూసోబెట్టి చెప్పింది. మన పెయ్యంత కంటికి ఆనని కణాలట. ఒక్కో కణంల బోలెడు పొయ్యిలట, మైటో అని ఇంకేదో అంటది, తిన్న బువ్వ నుంచి ఆ పొయ్యిలే సత్తువ తీస్తయట. ఆ పొయ్యిల పనిచేసే ప్రోటీన్లు చానమట్టుకు పొయ్యిల పుట్టయట, బయట తయారై లోపలికి రావాల్నట. "అంగన్‌వాడీల గుడ్డు తినుమంటరు, పప్పు తినుమంటరు, ఆ ప్రోటీన్లేనా బిడ్డా?" అని అడిగిన. "ఆ జాతియే అమ్మా, గని ఇవి మన కణం తనకు కావల్సినట్టు తానే చేసుకునేటియి" అన్నది, నవ్వలే, నా మాటను పక్కన పెట్టలే. ఆ పొయ్యికి రెండు గోడలు. ముద్దకట్టి ఉంటే ప్రోటీను దాట్లేదు, దారం లెక్క విప్పుకొని గోడల దర్వాజలకెల్లి దూరాలె. ఎక్కడికి పోవాల్నో దాని మీదనే గుర్తు ఉంటదట. రెండు గోడల నడుమ ఒక సందు, సందుల నీళ్లు. కొన్నిటికి నీళ్లు పడయి, ఆ సందులకు రాంగనే చిక్కుపడి ఉండలు కడతయి. అట్ల కాకుండ వాటిని పట్టుకొని రెండో గోడ దాక తోల్కపోయేందుకు చిన్నచిన్న ప్రోటీన్లు ఉంటయట. "అన్న పెయ్యిల అసొంటిదొకటి తయారైతలేదు" అన్నది. ఒక్కటేనా అన్న. ఒక్కటే అన్నది. మిగతాయి? "మిగతాయన్ని మంచిగనే పోతున్నయి అమ్మా. చెవి నరానికి, మెదడుకు సత్తువ ఎక్కువ కావాలె, అందుకే అవి ముందు అలిసిపోయినయి."

ఒక్కటే. ఆ మాట నాలోపల ఇప్పటికి కదులుతనే ఉంటది. ఇంత పెయ్యిల ఒక్కటి లేకపోతే ఇంత అయితదా అని ముందు ఏడుపొచ్చింది. ఆనక ఎప్పుడో, చేనుల కలుపు తీసుకుంట, ఇంకో తీరు తట్టింది. మరి మిగతాయన్ని ఎవరు తోల్కపోతున్నరు? నేను కలుపు తీస్తున్న, నా పెయ్యిల ఎన్ని దారాలు ఎన్ని దర్వాజలు దాటుతున్నయో, నేను ఒక్కదాన్ని గూడ రమ్మనలే, పొమ్మనలే, అడగకుండనే నడుస్తున్నది. వీని పెయ్యిల గూడ. వీని గుండె కొట్టుకుంటనే ఉన్నది, వాని నవ్వు నడుస్తనే ఉన్నది, ఎడమచెయ్యి నా మోకాలు మీదికి వస్తనే ఉన్నది. ముప్పై ఏండ్లు నేను పోయినదాన్నే లెక్కవెట్టుకున్న. నడిచేది ఇంత ఉన్నదని ఆ పిల్ల వచ్చి చెప్పేదాక తెల్వలే. చేన్ల అట్లనే గట్టు మీద కూసోని ఎవరికో తెల్వకుండ దండం పెట్టిన.

కానీ ఆనాడు ఇంకో మాట గూడ చెప్పింది. ఆపి ఆపి చెప్పింది. "ఇది తల్లి దిక్కు నుంచి వస్తది అమ్మా. ఆ ప్రోటీను ఎట్ల చెయ్యాల్నో చెప్పే రాత ఆడోళ్లకు రెండు నకళ్లు ఉంటయి, ఒకటి చెడ్డా ఇంకోటి పని చేస్తది. మగోళ్లకు ఒకటే. చెడ్డది వస్తె ఇట్ల అయితది." నాకు అర్థమయ్యేతందుకు ఎక్కువసేపు పట్టలే. అయితే మా అత్త అన్నదే నిజమా బిడ్డా, నా కడుపులనే ఉన్నదా అని అడిగిన. విజయ లేవబోయింది, ప్రియాంక చెయ్యెత్తి ఆపింది. ఊకెనే కాదు కాదు అనలే. అది అబద్దమైతుండె. "మీ నుంచి వచ్చింది. మీ వల్ల రాలే. మీరు చేసింది ఏదీ లేదు, చేయకుండ విడిచింది ఏదీ లేదు. మీకు మీ అమ్మ నుంచి వచ్చింది, ఆమెకు ఇంకొకరి నుంచి. మీ ముక్కు మీకెట్ల వచ్చింది? అట్లనే" అన్నది. గ్రహణం పూట కూర తరిగితే బిడ్డా? "వంద కూరలు తరిగినా రాదు" అన్నది. నేను నవ్విన. ఎందుకో నవ్వొచ్చింది, నవ్వు ఆగలే, నవ్వు ఏడుపు అయ్యింది. అప్పటిదాక ప్రేమ్‌కు ఆమె కాయితం మీద బొమ్మ గీసిచ్చి ఉన్నది, రెండు గోడలు, నడుమ సందు. వాడు కండ్లకు ఆనిచ్చుకొని శానసేపు చూసిండు. చూసి, మెడ పక్కకు వంచి చూపిచ్చిండు, అది వాళ్ల మామ అంజయ్య. నెత్తి కాడ వేలు తిప్పిండు, పిచ్చి. కాదు అని చెయ్యి ఊపిండు. మామ పిచ్చోడు గాదు. తర్వాత తన ఛాతీ తట్టుకున్నడు. నేను గూడ గాదు. చాయబండి అవ్వా, మందు లేనప్పుడు పేరెందుకు అన్నవు. ఇందుకు.

ఆ దినానికి విజయకు ఏడో నెల. మా ముగ్గురి కండ్లు ఒక్కసారే దాని కడుపు మీదికి పోయినయి. దాని నెత్తురు గూడ చూసిన్రు, దాన్ల గూడ ఒక చెడ్డ నకలు ఉన్నది. పుట్టేది కొడుకైతే సగం సగం అన్నరు. కొడుకే పుట్టిండు. అల్లుడు ధర్మేందర్ పిల్లగాన్ని ఎత్తుకొని, ఎట్లున్నా మనోడే గద అత్తా అన్నడు, అంతకంటె ఎక్కువ మాట్లాడలే, నాకు నాగయ్య యాదికొచ్చిండు. పిల్లగాడు సప్పుడైతే తిరుగుతడు. పళ్లెం కొడితే తిరుగుతడు, పేరు పిలిస్తె తిరుగుతడు. వచ్చినోళ్లందరు, మంచిగ వినబడుతున్నది గద ఇంక భయమేంది అంటరు. ప్రేమ్‌కు గూడ మూడేండ్ల దాక వినబడ్డదని వాళ్లకు ఎట్ల చెప్పాలె. తిరిగిన ప్రతిసారి విజయ నా దిక్కు చూస్తది, నేను గోడ దిక్కు చూస్త. ఎన్ని దినాలు ఇట్ల అని, ఆఖరుకు అదే అన్నది, తెలుసుకుందాం అవ్వా, ఉంటే ఉండనీ, ఉంటే ఇప్పటి నుంచే చేతులతోటి మాట్లాడిస్త, అరచేతుల రాస్త, అన్నను నువ్వు సాదినట్టే సాదుకుంట అని. అట్లనే చిన్నోని నెత్తురు గూడ పరీక్షకు ఇచ్చినం. గంత మాట అన్న బిడ్డ ఇయ్యాల బస్టాండుకు రాలేకపోయింది. మాట వేరు, వినుడు వేరు.

నా కొడుకు ఒక్కసారి లేచి నిలబడ్డడు. అరికాళ్లకు తెలిసింది వానికి. హుజూర్‌నగర్ దిక్కుకెల్లి బస్సు తిరిగి, వంకర కొట్టి, ప్లాట్‌ఫారం మీదికి వచ్చి ఆగింది. జనం దిగుతున్నరు, సంచులు, కోళ్లగంప, వడ్ల దుమ్ముతోటి ఒక ఆసామి. ఆఖరుకు ప్రియాంక దిగింది, భుజాన బ్యాగు, చెంపకు అంటుకున్న వెంట్రుకలు. నేను మొకం చదవాలని చూసిన. ఏం దొరకలే, అలసిపోయిన మొకం. నా దగ్గరికి వచ్చింది, నా భుజం మీద చెయ్యి వేసి, "ఒక్క నిమిషం అమ్మా" అన్నది. అని నన్ను దాటి పోయింది. నేను అట్లనే నిలబడిపోయిన. ఆమె ప్రేమ్ ముందుకు పోయి, వాన్ని మళ్ల బెంచీ మీద కూసోబెట్టి, తాను ముందు నేల మీద మోకాళ్ల మీద కూసున్నది, ఆ దుమ్ముల. వాని ఎడమచెయ్యి తీస్కొని, అరచెయ్యి తెరిచి, వేలుతోటి రాయబట్టింది. మెల్లగ. ఒక అక్షరం రాసి ఆగుతది, వాడు తల ఊపుతడు, ఇంకోటి రాస్తది. నాకు చదువు రానందుకు ఎన్నడు గంత బాధ కాలే. ఆ వేలు ఎటు తిరుగుతున్నదో చూస్తున్న, ఏం తెలుస్తలేదు. వాని మొకం చూస్తున్న. వాడు కండ్లు మూసుకొని ఉన్నడు, రాతంత చేతులనే చదువుకుంటున్నడు.

రాసుడు ఆగింది. వాడు కండ్లు తెరవలే. చెయ్యి మళ్ల ముందుకు సాపిండు, ఇంకొకసారి అన్నట్టు. ఆమె మళ్ల రాసింది, మొదటి నుంచి, అంతే మెల్లగ. అప్పుడు వాడు లేచి నా దగ్గరికి వచ్చిండు. మొకం నా మొకానికి దగ్గరగ తెచ్చిండు. జడ అల్లిండు, పక్కన చిన్నగ చెయ్యి పెట్టిండు. చెవి తాకిండు. వంకరపోయిన కుడిచెయ్యి తాకిండు. కన్ను తాకిండు. మూడింటినీ తాకి, ఎడమచెయ్యి వెడల్పుగ చేసి, పలక తుడిచినట్టు గాలిల తుడిచిండు. నేను కదలలే. వాడు నాకు అర్థం కాలేదనుకొని మళ్ల మొదటి నుంచి చెప్పిండు. చిన్నోనికి. చెవి. చెయ్యి. కన్ను. ఏం లేదు.

నేను ప్రియాంక దిక్కు చూసిన. "అవునమ్మా. చిన్నోనికి మంచి నకలే వచ్చింది" అన్నది. నేను సిమెంటు మీదనే కూలబడ్డ. ఆమె నీళ్ల సీసా మూత తీసి ఇచ్చింది. నీళ్లు తాగి, ఊపిరి తీస్కొని, "ఫోన్ల చెప్పకపోతివి బిడ్డా. పొద్దటిసంది పానం పోయినంత పనాయె" అన్న. ఆమె మొకం చిన్నబోయింది. "మీరు గంత భయపడతరని అనుకోలేదు అమ్మా, అది నా తప్పే. ఫోన్ల చెప్తే ఇంట్ల అందరికి తెలుస్తది, ఆనక ఎవరో ఒకరు అన్నకు చెప్తరు. అన్న నెత్తురు ఇచ్చిండు గనుకనే ఇదంత తెలిసింది. ముందుగాల అన్నకు తెలవాలె అనుకున్న. ఫోన్ల నేను ఆయనకు చెప్పలేను గద" అన్నది.

నాగయ్య పోయిన దినం వీడు మంద ఎనుక ఉన్నడు. ఊరంత తెలిసింది, పక్క ఊర్లకు తెలిసింది, చుట్టాలు ఆటోలల్ల దిగుతున్నరు. వీడు గొర్లను తోలుకొని వాడకట్టు మలుపు తిరిగి, వాకిట్ల జనాన్ని చూసి, నవ్వుకుంట వచ్చిండు, ఏదో పండుగ అనుకొని. అదొక్కటే గాదు, విజయ పెండ్లి కుదిరింది గూడ వానికి ఆఖరుకే తెలిసింది, మందను అమ్మింది గూడ. ఎవరం కావాలని చెయ్యలే. చెప్పాల్నంటె చేతులు ఖాళీ చేసుకోవాలె, ఎదురుంగ కూసోవాలె. ఎప్పటికప్పుడు, ఆనక చెప్దాం అనిపిస్తది. ఈ పిల్ల అన్ని ఊర్లు దాటి బస్సుల కూసోని వచ్చింది, ఆనక అనకుండ. ఆమె రెండు చేతులు పట్టుకొని కండ్లకు అద్దుకున్న. వద్దమ్మా, వద్దమ్మా అనుకుంటనే ఆమె గూడ నా పక్కన కూసున్నది. చాయబండి ఆమె గలాసులు కడుగుతున్నదల్ల ఆపి మా దిక్కే చూస్తున్నది.

కొంగుల ఫోన్ మోగింది. విజయ. ఓర్చుకోలేకపోయింది పాపం. నువ్వే చెప్పు అవ్వా అన్నది గద పొద్దుగాల. ఎత్తబోయిన. ప్రేమ్ నా చేతుల వెలుగుడు చూసిండు, చూసి తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నడు. నేను. నేను చెప్త. ప్రియాంక ఫోన్ తీస్కొని బొమ్మ కనబడేటట్టు చేసి నా చేతికిచ్చింది. వాని ముందుకు ఎత్తి పట్టుకున్న. ఫోన్ మొకం వాని దిక్కు, వీపు నా దిక్కు. నాకు విజయ కనబడదు. "అన్నా, అవ్వ ఏది?" అనే మాటొక్కటి వినబడ్డది. ఆనక వాని చేతులు చూస్తున్నదేమో. వాడు జడ అల్లిండు, పక్కన చిన్నోన్ని పెట్టిండు, ఏం తొందర పడకుండ, ఒకటి తర్వాత ఒకటి, ఎదుటి మనిషికి సమజయ్యేటట్టు. కుడిచెయ్యి లేవకపోతే ఎడమచేతితోటి దాన్ని లేపి చూపిచ్చిండు. చివరకు గాలిని తుడిచిండు. ఫోన్లకెల్లి నా బిడ్డ ఏడుస్తున్న సప్పుడు, దాని ఏడుపు చూసి చిన్నోడు ఏడుస్తున్న సప్పుడు. ప్రేమ్ ఫోన్ దగ్గరికి మొకం తెచ్చి వాళ్లను చూసుకుంట నవ్వుతున్నడు. నేను ఫోన్ కదలకుండ పట్టుకున్న, ఒక్క మాట గూడ కలపలే. చెప్పాల్సిందంత వాడే చెప్పిండు.